మలుపు లేని గుమ్మం

కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో అక్టోబరు చివర. ఊరంతటికీ వేడినిచ్చే బొగ్గు కేంద్రం నుంచి గదుల్లోని గొట్టాలకి ఇంకా వేడి వదల్లేదు. యూనివర్సిటీ రెండో అంతస్తులో ఒక గది. బల్ల మీద అట్టతో చేసిన మ్యూజియం నమూనా. దానికి అటు పక్క ఆర్కిటెక్టు కుబాత్, ఇటు పక్క కంబళ్ల కళ నేర్పి రిటైరైన ప్రొఫెసర్ ఉల్కాన్. కుబాత్ ఆవిణ్ణి 'ఎజే' అంటాడు, అక్కా అన్నట్టు. ఇద్దరూ కోట్లు విప్పలేదు.

"చెయ్యి పెట్టి లాగకండి ఎజే. పైకప్పు ఊడొస్తుంది."

"ఊడితే ఊడనీ. లోపల ఏముందో చూడొద్దా? నా కంబళ్లు ఉండబోయే చోటు నేను చూసుకోకపోతే ఎవరు చూస్తారు?"

"నేను ఎత్తి చూపిస్తానుగా. లాగకండి."

"పొయ్యి ఏదీ?"

"ఏ పొయ్యి?"

"వేడయ్యా, వేడి. నీ వీపు వెనక ఇనప గొట్టాలున్నాయే, అలాంటివి. ఈ నాలుగ్గోడల్లో ఎక్కడా కనపడవేం?"

"లేవు."

"మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. పెట్టలేదు. మీకు పంపిన కాగితాల్లో అంతా వివరంగా ఉంది."

"నీ కాగితాలు నువ్వే చదువుకో. బిష్కెక్‌లో, జనవరి నెలలో, వేడి లేని మ్యూజియమా? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. జర్మనీలో నేర్పింది ఇదేనా?"

"మొదలుపెట్టారు."

"ఏం మొదలుపెట్టాను?"

"జర్మనీ. నేను నోరు విప్పితే చాలు, జర్మనీ అంటారు. నేను పుట్టింది ఇక్కడ. మీ క్లాసులోనే కూర్చున్నాను."

"కూర్చున్నావు. ఉన్ని మీద వేణ్ణీళ్లు పోసి తొక్కమంటే జలుబు చేసిందని లేచిపోయావు. ఆ రోజే అనుకున్నా, వీడు చేత్తో చేసే పనికి పనికిరాడు, బొమ్మలు గీసుకుని బతుకుతాడని."

"అనుకుని ఊరుకున్నారా? ఫెయిల్ చేశారు. క్లాసులో నా ఒక్కణ్ణే."

"తొక్కనివాడికి మార్కులేస్తారా?"

"సరే, అది వదిలేయండి. పదింటికి వస్తానన్నారు. ఇప్పుడెంతైంది? మధ్యాహ్నం యూనివర్సిటీ ప్రో-రెక్టరు తలాయ్‌బెక్ గారికి నేను జవాబు చెప్పుకోవాలి."

"మెట్లు."

"రెండంతస్తులేగా."

"రెండంతస్తులే. లిఫ్టు పని చేయట్లేదు. నువ్వు గీసినదానికి మెట్లున్నాయా?"

"లేవు. అంతా ఒకటే నేల."

"అదొక్కటి బాగుంది. ఇంకేమీ బాగాలేదు."

"మీరు ఇంకేమీ చూళ్లేదు. ఒక్క నిమిషం నన్ను చెప్పనివ్వండి. ఇవి మట్టి గోడలు. తడి మట్టిని పొరలు పొరలుగా దట్టించి కడతాం. మనిషి చేతులు బారజాపినంత మందం. మధ్యలో గొర్రె ఉన్ని. మీరు వాడే ఉన్నే, నారిన్ కొండల నుంచి తెప్పిస్తున్నాం. దక్షిణం వైపు అద్దాల వసారా. పగలంతా ఎండ దాంట్లో పడుతుంది, ఆ వెచ్చటి గాలి ఇదిగో ఈ కన్నాల్లోంచి లోపలికొస్తుంది. పైన నడిమధ్యలో చక్రం, గుడారానికి ఉన్నట్టు. వెలుగంతా అందులోంచే. బయట గడ్డకట్టే చలిగా ఉన్నా లోపల నీళ్లు గడ్డకట్టవు. కోటు వేసుకుని హాయిగా తిరగొచ్చు."

"కోటు వేసుకుని హాయిగా."

"అవును."

"కోటు వేసుకుని, హాయిగా. ఇల్లంటే లోపలికి రాగానే కోటు విప్పేది. కోటు వేసుకుని తిరిగేదాన్ని వీధి అంటారు."

"కొన్నాళ్లకి ఆ వీధిలోనూ తిరగలేం. ఆ కిటికీలోంచి చూడండి."

"ఏముంది చూడ్డానికి?"

"ఏమీ లేదు. అదే చెబుతున్నా. కొండలు కనపడుతున్నాయా? కనపడవు. వేడి ఇంకా వదల్లేదు, అప్పుడే పొగ. ఆ బొగ్గు కేంద్రం పొగగొట్టం ఒక్కటే కనపడుతుంది. ఈ క్యాంపస్‌లో ఏ కొత్త కట్టడం లేచినా దానికి అక్కణ్ణుంచి ఒక గొట్టం లాగుతారు. లాగాక దాన్ని తగ్గించడానికి మీట ఉండదు. జనవరిలో క్లాసుల్లో ఉక్కపోసి కిటికీలు తెరుచుకుంటాం. తెరిస్తే ఆ పొగగొట్టం పొగే మళ్లీ లోపలికొస్తుంది. మనం కాల్చిన బొగ్గు మనమే పీలుస్తాం. నా కూతురు నవంబరులో దగ్గు మొదలుపెడితే వసంతం దాకా ఆపదు. డాక్టరు ఏమంటాడో తెలుసా? ఊరు మారండి అంటాడు. ఎందుకు మారాలి? ఆ కేంద్రానికి ఇంకో గొట్టం కలిపే కాగితం మీద నా పేరు ఉండదు. ఏమైనా సరే ఉండదు."

"అరవకు."

"అరవట్లేదు."

"అరుస్తున్నావు. నీ కూతురు దగ్గుతోందని నా కంబళ్లు చలికి వణకాలా?"

"కంబళికి చలేంటి ఎజే? మీకు తెలియనిదా? దానికి పడనిది వేడి. వేడి గదిలో ఎండిపోయి పెళుసెక్కుతుంది, చిమ్మట పడుతుంది. చల్లగా ఉంచితే చిమ్మట గుడ్లు పెట్టదు. మీరే క్లాసులో చెప్పారు."

"విన్నావన్నమాట."

"విన్నాను. మీరు ఫెయిల్ చేసే ముందే విన్నాను."

"నా కంబళ్లకి చిమ్మట పట్టదు. ఏటా దులిపి, ఎండలో వేసి, మాచిపత్రి లాంటి వార్మ్‌వుడ్ ఆకు పెట్టి చుడతాను."

"ఏటా?"

"ఏటా."

"కింద నేలమాళిగకి మీరు ఆఖరిసారి ఎప్పుడు దిగారు?"

"దిగుతాను. నా ఇష్టం. నువ్వెవరు అడగడానికి?"

"నేను మొన్న దిగాను. కొలతలకి. వేడి గొట్టం పక్కనే పేర్చి ఉన్నాయి. మీ అమ్మగారు చేసిన ఎర్రది విప్పాను."

"విప్పావా? నన్నడక్కుండా?"

"కొలవాలిగా. విప్పాను. పొట్టేలు కొమ్ముల ముగ్గు వేసిన అంచు నా చేతుల్లోనే పొడైంది. మూల మొత్తం జల్లెడ. దులిపితే ఉన్నితో పాటు నల్ల మసి రాలింది."

"అబద్ధం."

"ఫోన్లో ఫొటో ఉంది. చూస్తారా?"

"వద్దు."

"చూడండి."

"వద్దన్నానా! పక్కన పెట్టు దాన్ని."

"రెండేళ్లుగా మీరు అటు రాలేదని తాళాలవాడు చెప్పాడు. అది మీ తప్పని అనట్లేదు. గొట్టం పక్కన పెట్టినవాళ్లది తప్పు. కానీ మళ్లీ గొట్టాల మధ్యకే పంపిస్తానంటే మాత్రం అది మీ తప్పే."

"మోకాళ్లు. మెట్లు దిగలేకపోతున్నా. ఎవరినైనా పంపాల్సింది, పంపలేదు. చాలా?"

"మీ తమ్ముడి కొడుకు ఉన్నాడుగా?"

"వాడు దేశం దాటిపోయి నోవోసిబిర్స్క్‌లో టాక్సీ తోలుతున్నాడు. నౌరూజ్ పండక్కి ఫోన్ చేస్తాడు. అదైనా చేస్తాడు, పాపం."

"టీ తాగండి. చల్లారిపోతోంది."

"వద్దు. ఈ మధ్య ఏదీ ఇమడట్లేదు. ఎంతకాలం పడుతుంది ఇది కట్టడానికి?"

"ముందు మీరు ఒప్పుకోవాలిగా."

"ఒప్పుకోను. అయినా అడుగుతున్నా. ఎంతకాలం?"

"ఇవాళ సరేనంటే నేల గడ్డకట్టక ముందే పునాది తవ్వుతాం. వసంతంలో గోడలు. మట్టి ఎండాలి, తొందరపెడితే పగుళ్లిస్తుంది. వచ్చే చలికాలానికి పైకప్పు. లోపలి పనులు ఆ పై ఏడు."

"ఆ పై ఏడా? ఇంత గుడిసెకి?"

"గుడిసె కాదు."

"తలాయ్‌బెక్ మేనల్లుడు గీసిన అద్దాల పెట్టె ఏడాదిలో లేస్తుందట."

"లేస్తుంది. మూడేళ్లలో మీ కంబళ్లన్నీ పొడి చేస్తుంది. ఎండాకాలం ఉడికిస్తుంది, చలికాలం ఎండబెడుతుంది. ప్రో-రెక్టరు గారికి అద్దాలు మెరిస్తే చాలు, ఫొటో బాగుంటుంది. మీ కంబళ్లు లేకపోతే ఆయనకీ మ్యూజియం లేదు, నాకూ లేదు. అందుకే ఇద్దరం మీ చుట్టూ తిరుగుతున్నాం. మీరు ఏ నమూనాకి సరేనంటే అదే కడతారు. అది మీకు బాగా తెలుసు. తెలిసే ఆడిస్తున్నారు."

"ఆడిస్తున్నానా?"

"మరేంటి? కంబళిలో తింటూ వెంట్రుకలేరుతున్నారు. పొయ్యి లేదంటారు, మెట్లంటారు, జర్మనీ అంటారు. అసలు మీకు నచ్చనిదేంటో చెప్పరు."

"చెప్పనా?"

"చెప్పండి."

"చెబితే తట్టుకోవాలి మరి."

"మీ క్లాసే తట్టుకున్నాను."

"నువ్వేం కట్టావో నీకు తెలియదు."

"నాకు తెలియదా?"

"తెలియదు. గుండ్రటి గది. పైన చక్రం. గోడల నిండా ఉన్ని. ఇది గుడారం. అంతవరకూ సరే. మధ్యలో పొయ్యి లేదు. గుమ్మంలోంచి వస్తే కుడి చేతి వైపు ఏముంది?"

"మీ పెద్ద కంబళి. అరుగు మీద."

"ఎలాంటి అరుగు?"

"పొడుగ్గా, తక్కువ ఎత్తులో. జనం పైనుంచి చూడ్డానికి."

"దాని ముందు?"

"తెర. వెలుగుకి రంగులు పోకుండా. చూసేవాళ్లు పక్కకి లాక్కుని చూస్తారు."

"ఇప్పుడు మళ్లీ చెప్పు. మెల్లగా."

"గుడారం. పొయ్యి లేదు. కుడి వైపు తెర, తెర వెనక పొడుగు అరుగు... అబ్బా."

"చెప్పు. ఆగావేం?"

"నేను అలా అనుకోలేదు."

"అనుకోకుండానే కట్టావు. కిర్గిజ్ గుడారంలో పొయ్యి ఆర్పేసేది ఎప్పుడు? మనిషి పోయినప్పుడు. శవాన్ని ఎక్కడ పడుకోబెడతాం? మగవాడైతే ఎడమ వైపు, ఆడదైతే కుడి వైపు, తెర వెనక. నువ్వు కట్టింది చావు గుడారం. అదీ ఆడమనిషి చావు గుడారం. పైగా పిల్లల్ని వరసలో తీసుకొచ్చి తెర లాగి చూపిస్తాడట! మీ అమ్మ ఉంటే చెవి మెలిపెట్టేది."

"మా అమ్మ ఫ్లాటులో పెరిగింది. నేనూ ఫ్లాటులోనే. ఇవన్నీ మాకెవరు చెప్పారు?"

"చూళ్లేదా ఎక్కడా?"

"చూశాను. చిన్నప్పుడు మా బ్లాకు ముందు వేసేవాళ్లు. లోపలికి నన్ను వెళ్లనివ్వలేదు. ఆడవాళ్ల శోకాలు వినపడేవి, అంతే. ఇప్పుడు అదీ లేదు."

"ఎందుకు లేదు? మీ ఫ్లాటులవాళ్లు లేకుండా చేశారు కాబట్టి. మా బ్లాకులో నాలుగో అంతస్తు మిర్జాకుల్ ముసలాయన పోయినప్పుడు ఏం జరిగిందో తెలుసా? ముందు వాకిట్లో గుడారం వేస్తామంటే కమిటీవాళ్లు కుదరదన్నారు. కార్లకి అడ్డమట. కార్లకి!"

"మా బ్లాకులోనూ అదే రూలు."

"నువ్వు చెయ్యెత్తావా దానికి?"

"అందరూ ఎత్తారు."

"నువ్వు ఎత్తావా?"

"ఎత్తాను. కారు ఎక్కడ పెట్టుకోను మరి? రాత్రిళ్లు చోటు దొరక్క వీధి చివర పెట్టి నడిచొచ్చేవాణ్ణి."

"సిగ్గులేకుండా చెబుతున్నావు."

"అబద్ధం చెప్పమంటారా?"

"ముసలాయన్ని గదిలోనే ఉంచారు, వేడి గొట్టాల మధ్య. మూడు రోజులు ఉంచాల్సినవాణ్ణి రెండో పూటకే తీసుకెళ్లక తప్పలేదు. కూతురు ఓష్ నుంచి వచ్చేసరికి మట్టి చెయ్యడం కూడా అయిపోయింది. అంతకన్నా ఘోరం చెప్పనా? లిఫ్టులో పట్టడు. మెట్ల మీంచి దించుతున్నారు. మలుపు దగ్గర శవం ఇరుక్కుంది. అటు తిప్పారు, ఇటు తిప్పారు, కుదరలేదు. చివరికి నిలబెట్టారు. పోయిన మనిషిని, కంబళిలో చుట్టి, గోడకి ఆనించి నిలబెట్టారు కుబాత్. నేను తలుపు తీసేసరికి నా గుమ్మం ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ నాకు సలాం చెప్పకుండా దాటిపోని మనిషి."

"నాకు తెలియదు ఎజే."

"ఇప్పుడు తెలిసిందిగా."

"అయితే తెర తీసేస్తాను. అరుగు ఎడమకి మారుస్తాను. రెండుగా విడగొడతాను. దీనికోసం మొత్తం వద్దనకండి. ఒక పూటలో మార్చి తెస్తాను."

"ఒక పూటలో."

"ఫోను... ఆగండి. తలాయ్‌బెక్ గారు. హలో, అవునండీ. ఇక్కడే ఉన్నారు. లేదండీ, ఇంకా లేదు. మాట్లాడుతున్నాం. మంచిగానే మాట్లాడుతున్నాం."

"అబద్ధం ఎందుకు? కొట్టుకుంటున్నామని చెప్పు."

"కాదండీ, ఆవిడ నవ్వుతున్నారు. సరేనండీ. గంటలో చెబుతాను. మీ మేనల్లుడి నమూనా కూడా చూపిస్తాను, తప్పకుండా."

"చూపిస్తావా?"

"చూపించను. కావాలంటే మీరే కిందికెళ్లి చూడండి. ఆయన గది ముందే పెట్టించారు, లోపల దీపాలు కూడా వెలుగుతాయి."

"చూసే వచ్చాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. దానికే ఆలస్యమైంది, దానికీ మెట్లకీ. ఆ మేనల్లుడు నాకు కుర్చీ వేయించాడు, తేనె పెట్టాడు. నువ్వు చల్లారిన టీ పెట్టావు."

"తేనె కావాలంటే చెప్పండి, తెప్పిస్తాను. చూశారుగా, అదే బాగుందని చెప్పడానికే వచ్చారా? అదైనా తిన్నగా చెప్పండి. పొద్దుట్నుంచి ఎందుకు నన్ను ఇలా?"

"వెచ్చగా ఉంటుందన్నాడు. ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ, చొక్కాతో తిరగొచ్చన్నాడు."

"నిజమే. తిరగొచ్చు."

"అందుకే వద్దన్నాను."

"ఏంటి?"

"వద్దన్నాను. తేనె తిని మరీ వద్దన్నాను."

"అర్థం కాలేదు ఎజే."

"నీదే కట్టు. ఒప్పుకుంటున్నా. కంబళ్లన్నీ ఇస్తాను, మా అమ్మ చేసిన ఎర్రది కూడా, మిగిలినంత. ఎక్కడ సంతకం పెట్టాలి?"

"ఇక్కడ. కానీ ఇప్పటిదాకా చావు గుడారమని తిట్టిపోశారుగా?"

"ఇప్పుడూ అదే అంటున్నాను. పెన్ను రాయట్లేదు. ఇంకోటివ్వు."

"ఇదిగో. తెర తీసేస్తాను, మాటిస్తున్నా."

"తీస్తే ఊరుకోను. తెర ఉండాలి. అరుగు కుడి వైపే ఉండాలి. వేడి గొట్టం ఒక్కటి లోపలికొచ్చిందా, ఈ సంతకం నేనే చింపేస్తాను. తలాయ్‌బెక్ కాళ్లు పట్టుకున్నా సరే, పెట్టనివ్వకు."

"పెట్టొద్దని మొత్తుకుంటున్నది నేనే కదా! మీరు..."

"అరవకు. పైకప్పు వచ్చే చలికాలానికి పడుతుందన్నావు. ఖాయమేనా?"

"ఖాయం. కానీ లోపల ఏమీ ఉండదు అప్పటికి. గోడలూ, పైకప్పూ, అరుగూ. అంతే."

"చాలు. అరుగు మీద నా పెద్ద కంబళి పరిచి వదిలెయ్. దాని మీద ఇంకేమీ పెట్టకు. తెర నేను కుట్టిస్తాను."

"అంత తొందరగా దేనికి? తెరవడానికి ఇంకో ఏడాది ఉంటుందిగా."

"నాకుంది తొందర. ఇంకొకటి. ఇది మార్చాలి. ఈ గుమ్మం."

"అనుకున్నాను. ఏదో ఒకటి ఉంటుందనుకున్నాను. గుమ్మానికేమైంది?"

"తలుపు తీయగానే గోడ ఎందుకుంది?"

"అది మలుపు. ఒక తలుపు, మలుపు, ఇంకో తలుపు. చలిగాలి తిన్నగా లోపలికి తన్నుకురాకుండా. పొయ్యి లేకుండా ఈ గది నిలబడేదే దాని వల్ల ఎజే. అది తీస్తే అంతా మొదటికొస్తుంది."

"తిన్నగా కట్టు."

"తిన్నగా అయితే పొడుగ్గా కట్టాలి. రెండు తలుపుల మధ్య చాలా దూరం ఉండాలి."

"పొడుగ్గా కట్టు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు నడవాలి, మధ్యలో బరువు పెట్టుకుని. తిన్నగా."

"దేనికండీ? కంబళ్లు మోయడానికా? నేను కొలిచి చూసుకున్నాను. మీ పెద్దది చుట్టినా సరే, ఈ మలుపులో అవలీలగా తిరుగుతుంది. చుట్ట వంగుతుందిగా."

"చుట్ట వంగుతుంది. మనిషి పోయాక వంగదు అబ్బాయ్. డాక్టర్లు వచ్చే చలికాలమే అంటున్నారు, మా వాకిట్లో చూస్తే కార్లున్నాయి. ఆ మిర్జాకుల్‌ని చేసినట్టు గోడకి ఆనించి నిలబెట్టకుండా, నన్ను పడుకోబెట్టే లోపలికి తీసుకురండి."